సభలో జరగాల్సిన చర్చ రోడ్డు మీద జరిగింది

సంపాదకులకు,

మా జిల్లా మీదుగా పోయే విజయవాడ హైవేపై లారీ తోలేవాళ్లకు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఒక్క సెక్షన్ బాగా తెలుసు: 106(2). నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి చావుకు కారణమై, పోలీసులకో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. ఆగితే జనం కొడతారు, పోతే పదేళ్లు పడుతుందని డ్రైవర్ల భయం. 2024 జనవరి మొదట్లో దేశమంతటా లారీలు ఆగాయి, హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు జనం బారులు తీరారు. దాంతో రవాణా సంఘాలతో మాట్లాడాకే అమలు చేస్తామని కేంద్రం చెప్పింది. ఆ ఏడాది జులై 1న మిగతా సంహిత అమల్లోకి వచ్చినా ఈ క్లాజును మాత్రం ఆపి ఉంచారు.

డ్రైవర్ల భయం గురించి లారీలు ఆగడానికి రెండు వారాల ముందు, బిల్లులు పార్లమెంటుకు వచ్చినప్పుడే అడగాల్సింది. అడగడానికి మనుషులేరీ? ఆ శీతాకాల సమావేశాల్లో ఉభయ సభల్లో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులను సస్పెండ్ చేశారు. బిల్లులను పార్లమెంటు స్థాయీ సంఘం పరిశీలించింది కదా అంటారు. నిజమే, పరిశీలించింది. కానీ సవరించిన మూడు క్రిమినల్ చట్టాల బిల్లులు 2023 డిసెంబర్ 12న సభ ముందుకొచ్చాయి; 20న లోక్‌సభ, 21న రాజ్యసభ మూడింటినీ మూజువాణి ఓటుతో దాటించేశాయి.

కోర్టులో మా న్యాయవాదులకు రోజూ ఎదురయ్యేది ఆ మూడింటిలో మరొకటి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 187వ సెక్షన్. పాత చట్టంలో పోలీసు కస్టడీ అడగాలంటే రిమాండైన మొదటి 15 రోజుల్లోనే. ఇప్పుడు ఆ 15 రోజులను ముక్కలు చేసి, కేసును బట్టి మొదటి 40 లేదా 60 రోజుల్లో ఎప్పుడైనా అడగొచ్చు. ఇంకా కస్టడీ కావాలన్న ఒక్క కారణంతో బెయిలు కాదనకూడదని అదే సంహిత 480వ సెక్షన్‌లో రాశారు, మంచిదే. మరి బెయిలు మీద బయటికొచ్చిన మనిషిని మిగిలిన రోజులకు మళ్లీ కస్టడీకి అడగొచ్చా? జామీనుకు పట్టాదారు పాసుబుక్కు చేత పట్టుకొచ్చిన తల్లి “మా పిలగాడు ఎప్పుడొస్తడు సారూ, మల్ల తీస్కపోరు గదా?” అంటే సూటిగా చెప్పలేకపోతున్నాం. ఇలాంటి మెలికలు విప్పడానికే బిల్లుపై క్లాజులవారీ చర్చ ఉండేది.

లారీలు ఆపగలిగినవాళ్లు తమ క్లాజును ఆపించుకున్నారు. సబ్‌జైలు గేటు దగ్గర నిలబడే కూలీ కుటుంబం దేన్ని ఆపుతుంది? నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ ఎంపీలు పార్టీలు పక్కనబెట్టి 187పై, ఆపి ఉంచిన 106(2)పై సభలో పూర్తిస్థాయి చర్చ కోరాలి. క్రిమినల్ చట్టాలు ఉమ్మడి జాబితాలోవే కాబట్టి రాష్ట్రపతి ఆమోదంతో సవరణ చేసే దారి మన శాసనసభకూ ఉంది. కస్టడీ గడువు విషయంలోనైనా ఆ పని మొదలుపెట్టాలి.

– ఒక న్యాయవాది, నల్లగొండ