వెండి గ్లాసు మీద గీత

చిరంజీవి మధుకు అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. వరలక్ష్మీ వ్రతానికని బీరువాలోని వెండి సామాను తీస్తే, నీ అన్నప్రాశన నాటి గ్లాసు చుట్టూ నల్లని గీత కనబడింది. క్రిందటిసారి వచ్చినప్పుడు దానికి రబ్బరు బ్యాండు వేసి సర్దినది నువ్వే. రబ్బరులోని గంధకం తగిలితే వెండి మీద సల్ఫైడు పొర కడుతుందని కెమిస్ట్రీ చదివిన నీకు నేను చెప్పాలా? విభూతితో తోమితే చాలావరకు పోయింది. మరీ రుద్దితే నలుపుతోపాటు వెండి కూడా అరుగుతుందని మిగిలినది అలాగే వదిలేశాను. ఇత్తడి బిందెలకైతే ఈ బాధ లేదు. చింతపండు పట్టించి తోమితే చిలుమంతా వదులుతుంది.

పేరంటానికి సరోజ వచ్చింది. తాంబూలం అందుకుంటూ, "మధు ఆఫీసులో ఏవో లెక్కలు తేడా వచ్చాయటగా వదినా" అన్నది, పదిమందీ వినేటట్లు. నాకేమీ తెలియదన్నాను. నీ ఫోను వచ్చి నలభై రోజులైంది కనుక అది అబద్ధమూ కాదు. సరే, ఆ సంగతి అలా ఉంచు. వేళకు తింటున్నావా?

కళంకమంటే మచ్చ, తుప్పు, అపనింద అన్నీ అర్థాలేనని నాన్నగారు నిఘంటువు తీసి చూపించారు. అప్పుడు మీ తాతయ్య, అంటే మా మామగారు, గుర్తుకు వచ్చారు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చిన తరువాత, మన ఊరికి లారీల్లో వచ్చిన బియ్యానికి లెక్క వ్రాసింది ఆయనే. ఏడు బస్తాలు తక్కువ వచ్చాయి. ఎవరో ఏదో అన్నారు. అభిమానం గల మనిషి కనుక ఒక్క మాటా బదులు చెప్పక, రచ్చబండకు వెళ్ళడం మానేసి, వీధి తలుపు వేసుకుని కూర్చున్నారు. నాలుగు నెలల తరువాత, ఆ బస్తాలు పక్క ఊళ్ళో దింపి చీటీ మాత్రం మన ఊరి పేర వ్రాశారని తేలింది. తేలిన సంగతి విన్నవాళ్ళు ఎందరు? ఎన్నో ఏళ్ళ తరువాత, నా పెళ్ళిచూపులనాడు మా పెద్దనాన్న నా చెవిలో, "బియ్యం బస్తాల వారి ఇల్లేనా ఇది?" అని అడిగారు.

చవితి దగ్గరపడుతోంది, కథ విని అక్షతలు వేసుకోవడం మరవకు. నీలాపనింద కృష్ణుడికే తప్పలేదు. అయితే ఆయన ద్వారకలో తలుపులు మూసుకోలేదు. అడవికి పోయి, జాంబవంతుడితో 28 రోజులు పోరాడి, మణిని తెచ్చి సత్రాజిత్తుకు అప్పగించాడు. నువ్వూ కాగితాలు చూపించు. పొరపాటు జరిగి ఉంటే జరిగిందని నీ నోటితోనే చెప్పు. ఉపన్యాసం ఇవ్వకూడదనుకుంటూనే ఇచ్చాను. నిన్ను అనుమానిస్తున్నానని మాత్రం అనుకోకు.

బాబాయి వచ్చే వారం అటు వస్తున్నారు. గ్లాసు, కందిపొడి, రెండు బనియన్లు పంపుతున్నాను. గ్లాసును మళ్ళీ దాచకుండా రోజూ మంచినీళ్ళకు వాడు. వాడకంలో ఉన్న వెండి అంత త్వరగా నల్లబడదు. ఆదివారం ఫోను చెయ్యి. రాత్రి పది దాటినా ఫరవాలేదు, మేలుకొనే ఉంటాను.

ఇట్లు,
అమ్మ