సెంటీమీటరు ముక్కలను ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

2023 జూలై 14న మా తొమ్మిదో తరగతి పిల్లలను శ్రీహరికోట గ్యాలరీకి తీసుకెళ్లి చంద్రయాన్-3 ప్రయోగం చూపించాను. ఆ రోజు రాకెట్‌ను 4 సెకన్లు ఆలస్యంగా వదిలారని తర్వాత తెలిసింది. దారిలో అంతరిక్ష వ్యర్థం తగిలే ప్రమాదం ఉందట. అదే నెల 30న పీఎస్‌ఎల్‌వీ-సీ56నూ ఇదే కారణంతో ఒక నిమిషం ఆపారు.

ఆ ముక్కలు కనబడ్డాయి కాబట్టి ఆపగలిగారు. నా దిగులంతా కనబడనివాటి గురించే. శ్రీహరికోటలోని మల్టీ ఆబ్జెక్ట్ ట్రాకింగ్ రాడార్ (ఒకేసారి అనేక వస్తువులను గమనించేది) 800 కిలోమీటర్ల దూరంలో 30 సెంటీమీటర్ల వస్తువును పట్టగలదు. అంటే మా పిల్లల స్కేలు పొడవు. అంతరిక్షంలోని వస్తువులపై నిఘాకు ఇస్రో చేపట్టిన నేత్ర ప్రాజెక్టు కింద రానున్న రాడార్ల లక్ష్యం 10 సెంటీమీటర్లు. అంతకన్నా చిన్నవి, సుద్దముక్క మందం దాకా, పది లక్షలకు పైనే ఉంటాయని ఐరోపా అంతరిక్ష సంస్థ అంచనా. పెద్దదైతే ఉపగ్రహాన్ని పక్కకు జరపొచ్చు, రవ్వంతదైతే కవచం కాస్తుంది. ఈ మధ్యరకానికే ఏ అడ్డూ లేదు. రాడార్ తరంగం పొడవు (తరంగదైర్ఘ్యం) కన్నా బాగా చిన్న ముక్కలతో ఇంకో చిక్కుంది. సైజు సగమైతే తిరిగొచ్చే సంకేతం 64వ వంతుకు పడిపోతుంది.

రవ్వ అనుకుని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. 2016 ఆగస్టు 23న సెంటినెల్-1ఎ ఉపగ్రహంలో కరెంటు ఉన్నట్టుండి కాస్త తగ్గింది. దాని మీదున్న కెమెరాతో చూస్తే సౌరఫలకం మీద 40 సెంటీమీటర్ల మేర దెబ్బ. తగిలింది కొన్ని మిల్లీమీటర్ల రేణువు!

ఈ చెత్తలో మన వాటా కూడా ఉంది. 2001లో ఇక్కడి నుంచే వెళ్లిన పీఎస్‌ఎల్‌వీ-సీ3 చివరి దశ కక్ష్యలో పేలి 300కు పైగా ముక్కలైంది. తర్వాత ఇస్రో మిగిలిన ఇంధనాన్ని ఖాళీ చేసే పద్ధతి తెచ్చింది, 2030 నాటికి వ్యర్థాల్లేని ప్రయోగాలే చేస్తామనీ ప్రకటించింది. సంతోషమే. కానీ ఇప్పటికే పైన తిరుగుతున్నవాటి మాటేమిటి?

నేత్రలో తక్కువ తరంగదైర్ఘ్యం రాడార్లకు కేంద్రం నిధులివ్వాలి. నేల మీది నుంచి కనబడనిది పక్కనుంచి కనబడుతుంది. అందుకే మన ఉపగ్రహాలకు చిన్న కెమెరా, తాకిడిని పసిగట్టే సెన్సార్ అమర్చాలి. ఇది కొత్త పనేమీ కాదు. 2024 జనవరిలో పీఎస్‌ఎల్‌వీ-సీ58 చివరి దశ మీద అహ్మదాబాద్‌లోని భౌతిక పరిశోధనశాల (పీఆర్‌ఎల్) వారి డెక్స్ పరికరం ధూళికణాలను పట్టింది. దాని బరువు మూడు కిలోలే. అలాంటిది ప్రతి ప్రయోగంలోనూ పంపాలని ఇస్రోను కోరుతున్నాను.

- ఒక సైన్సు ఉపాధ్యాయుడు, సూళ్లూరుపేట