ఏడవకపోవడం సాక్ష్యమా?

సంపాదకుడికి,

ఇంట్లో మనిషి హత్యకు గురైతే చాలు, 'కుటుంబసభ్యుల తీరుపై అనుమానాలు' అన్న శీర్షిక మర్నాటి పేపర్లో ఖాయం. ఆ తీరుకు వేరే కారణం ఉండొచ్చా అన్న ప్రశ్న మాత్రం ఏ వార్తలోనూ కనిపించదు. నోయిడాలో సొంత ఇంట్లోనే హత్యకు గురైన ఆరుషి అనే అమ్మాయి కేసు చూశాక కూడా మనం మారకపోవడం నాకు బాధగా ఉంది.

2008 మే 16 ఉదయం ఆ అమ్మాయి శవం కనిపించగానే, ఇంట్లో లేని పనిమనిషి హేమరాజ్‌ను పోలీసులు హంతకుడన్నారు. మర్నాడు అతని శవం అదే భవనం డాబా మీద దొరికింది. కనిపించని మనిషి చనిపోయి ఉండొచ్చన్న ఆలోచన ఒక రోజంతా ఎవరికీ రాలేదు. డాబా తలుపు తాళం పగలగొట్టి చూసినవారూ లేరు. మరో వారం తిరక్కుండానే తండ్రిని అరెస్టు చేశారు.

ఆపైన అన్నీ అనుమానాలే. తల్లి టీవీలో నిబ్బరంగా మాట్లాడిందని తప్పుపట్టారు. కడుపుకోతలో అందరూ ఒకేలా ఏడుస్తారా? పక్కగదిలో చప్పుడు వినపడలేదంటే నమ్మలేదు. మే నెల ఎండలకు ఏసీలు వేసుకుని పడుకున్నామని వాళ్లు చెప్పారు. రాత్రి ఇంటర్నెట్ రౌటర్ ఆగి ఆగి పనిచేసింది కాబట్టి ఎవరో మేలుకునే ఉన్నారన్నారు. మర్నాడు పోలీసులు ఇంట్లో తిరుగుతున్నప్పుడూ అది అలాగే చేసిందని డిఫెన్స్ వాదించింది. మామూలు కారణం ఉన్న సంగతులు పది పోగేసినా నేరం రుజువు కాదు. రుజువైనట్టు అనిపిస్తుంది, అదే భయం.

మన హైదరాబాద్‌కూ ఇందులో పాత్ర ఉంది. ఆరుషి తండ్రి దగ్గర పనిచేసే కాంపౌండర్ గదిలో దొరికిన దిండు గలీబు మీద హేమరాజ్ డీఎన్ఏ ఉందని ఇక్కడి డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ 2008లో రిపోర్టిచ్చింది. అది టైపింగ్ పొరపాటని 2011లో చెప్పింది. అలాగని అనుమానాన్ని అటు తిప్పమనడం లేదు. ఆ కాంపౌండర్ మీద చార్జిషీటే లేదు, అతనికీ ఇదే న్యాయం వర్తించాలి.

చూసిన సాక్షి లేక, పరిస్థితుల సాక్ష్యం మీదే ఆధారపడ్డ కేసులో, నిందితుడి నేరం తప్ప మరే వివరణకూ చోటు ఉండకూడదని సుప్రీంకోర్టు 1984లోనే శరద్ బిర్ధీచంద్ సార్దా కేసులో తేల్చింది. అయినా 2013 నవంబరులో ఘాజియాబాద్ కోర్టు తల్లిదండ్రులకు యావజ్జీవం వేసింది. బయటివాళ్లు వచ్చే అవకాశమే లేదని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందంటూ 2017 అక్టోబరు 12న అలహాబాద్ హైకోర్టు వాళ్లను నిర్దోషులుగా విడిచిపెట్టింది. మధ్యలో దాదాపు నాలుగేళ్లు దస్నా జైల్లో గడిచాయి. దానిపై సీబీఐ అప్పీలు కూడా వేసింది.

మీ విలేకరులను ఒకటే కోరుతున్నాను. పోలీసులు అనుమానం చెప్పినప్పుడు 'ఇంకెలా జరిగి ఉండొచ్చు, దాన్ని ఎందుకు కాదంటున్నారు?' అని అక్కడే అడగండి. వాళ్ల జవాబు కూడా అచ్చువేయండి. బంధువులు ఏడ్చారా లేదా అన్నది రాయకండి. అరెస్టు మొదటి పేజీలో వేస్తే, విడుదల కూడా మొదటి పేజీలోనే వేయండి.

— ఒక పాఠకురాలు, తెనాలి