బాలల ప్రయాణ భద్రతా విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన విభాగం పెట్టుకున్న పని ఒకటే. న్యూజెర్సీలోని తెలుగు కుటుంబాలకు పిల్లల కార్ సీటు బిగించడం తెలుగులో నేర్పగల సర్టిఫైడ్ టెక్నీషియన్లను మన సభ్యుల్లోంచే తయారుచేసుకోవడం. ఇక్కడ ఉచితంగా సీటు చూసిపెట్టే టెక్నీషియన్లు ఇప్పటికే ఉన్నారు కదా, మళ్లీ మనకెందుకని కొందరు సభ్యులు అడిగారు. ఉన్నారు, పని బాగా చేస్తారు కూడా. కానీ మన ఇళ్లలో చాలాచోట్ల పాపను రోజూ సీట్లో కూర్చోబెట్టేది అమ్మమ్మో నాయనమ్మో. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన ఆవిడకు ఇంగ్లిషులో గడగడా చెప్పేస్తే ఏమీ అందదు. సీటు వాడే మనిషి చేతే చేయించడం టెక్నీషియన్ అసలు పని. తానే బిగించేసి పంపిస్తే, వారం తిరక్కుండా ఎవరో సీటు తీసి కారు కడుగుతారు, మళ్లీ పెట్టడం ఎవరికీ రాదు.

శిక్షణ గురించి. అమెరికాలో ఈ సర్టిఫికెట్ ఇచ్చేది పిల్లల భద్రత కోసం పనిచేసే సేఫ్ కిడ్స్ వరల్డ్‌వైడ్ అనే సంస్థ. పాఠాలు అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ రూపొందించినవి. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా చేరవచ్చు, మెకానిక్ పని తెలిసి ఉండనక్కర్లేదు. కోర్సు సాధారణంగా మూడు నాలుగు రోజులు ఉంటుంది. రాత పరీక్షలు పుస్తకం చూసి రాసేవే, వాటికి భయపడొద్దు. అసలు పరీక్ష పార్కింగ్ స్థలంలో ఉంటుంది. బొమ్మను సీట్లో కూర్చోబెట్టి, ఇన్‌స్ట్రక్టర్ చూపిన కారులో ఆ సీటును సరిగ్గా బిగించి చూపాలి. చివరి రోజు నిజమైన కుటుంబాల సీట్లు చూడాలి. చేరాలనుకునేవాళ్లు ముందే తెలుసుకోవలసింది ఒకటుంది: ఎండలోనో చలిలోనో వెనక సీట్లో మోకాళ్ల మీద గంటలకొద్దీ పని చేయాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పేర్ల నమోదు, ఫారాల పని తీసుకోవచ్చు. ఆ పని కూడా అంతే ముఖ్యం.

సీట్ల తనిఖీకి మేం పెట్టే శిబిరాలకు ఎక్కువగా వచ్చేది కన్వర్టిబుల్ సీటు, అంటే మొదట పిల్ల వెనక్కి చూసేలా, తర్వాత ముందుకు చూసేలా వాడుకునేది. వెనక్కి చూసేలా, సీట్ బెల్టుతో బిగించే వరస ఇది. ముందు సీటు మాన్యువల్, కారు మాన్యువల్ రెండూ తెరవాలి. ఏ ఒక్కటి కాదన్నా అది చేయకూడదు. పిల్ల వయసుకు తగిన వాలు ఉందా లేదా సీటు పక్కనున్న గుర్తుతో సరిచూడాలి. నెలల పిల్లలకు ఇది ప్రాణం మీది సంగతి. సీటు మరీ నిటారుగా ఉంటే తల ముందుకు వాలి, గడ్డం ఛాతీకి ఆని, ఊపిరి అందదు. తర్వాత బెల్టును వెనక్కి చూసే వాడకానికి సీటులో ఉన్న బెల్టు దారిలోంచే, అంటే బెల్టు దూర్చే సందులోంచే, పోనిచ్చి బకిల్ పెట్టాలి. భుజం భాగం పట్టుకుని బెల్టు మొత్తం ఆగేదాకా మెల్లగా బయటికి లాగి, మళ్లీ లోపలికి వదలాలి. టిక్ టిక్ మని శబ్దం వస్తే లాక్ పడుతోందని అర్థం. 1996 మోడల్ నుంచి ఇక్కడి కార్లలో వెనక బెల్టులు ఏదో ఒక విధంగా లాక్ కావలసిందే. అప్పుడు బెల్టు దారి దగ్గర మోచేతితో బరువు మోపుతూ మిగిలిన వదులంతా లాగేయాలి.

బిగువు చూసేది ఆ బెల్టు దారి దగ్గరే. వాటం కాని చేత్తో పట్టుకుని పక్కలకు, ముందుకూ వెనక్కూ కదిపితే అంగుళం మించి కదలకూడదు. చాలామంది తండ్రులు సీటు తలవైపు పట్టుకుని ఊపి, ఊగుతోంది కాబట్టి సరిగా లేదంటారు. వెనక్కి చూసే సీటు ఆ కొసన కదలడం సహజం. అది ఆపాలని బలమంతా పెట్టి బెల్టు లాగితే వాలు చెడుతుంది, అసలు పని కూడా చెడుతుంది.

ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2011లో చేసిన అధ్యయనంలో 46 శాతం సీట్ల వాడకంలో ఏదో ఒక తప్పు దొరికింది. మన శిబిరాల్లో పదేపదే కనిపించినవి ఇవి. మొదటిది, కింది కొక్కేలు (కారు వెనక సీటు మూలలో ఉన్న కడ్డీలకు తగిలించేవి), సీట్ బెల్టు రెండూ కలిపి వాడడం. రెండు ఉంటే రెట్టింపు భద్రత అనుకుంటారు. కానీ తయారీదారు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప ఏదో ఒకటే వాడాలి. కింది కొక్కేలకు బరువు పరిమితి కూడా ఉంది. పిల్ల బరువు, సీటు బరువు కలిపి 65 పౌండ్లు మించకూడదు. సీటు 25 పౌండ్లుంటే, పిల్ల 40 దాటగానే బెల్టుకు మారాలి. కచ్చితమైన అంకె సీటు లేబుల్ మీదే ఉంటుంది.

రెండోది, ముందుకు చూసే సీటుకు పైపట్టీ, అంటే టాప్ టెథర్, కట్టకపోవడం. సీటు వెనక జేబులోనే చుట్టి ఉంచేస్తారు. గుద్దుకున్నప్పుడు పిల్ల తల ముందుకు వెళ్లే దూరాన్ని నాలుగు నుంచి ఆరు అంగుళాలు తగ్గించేది ఆ పట్టీయే. ముందు సీటు వీపుకు తల తగులుతుందా లేదా అన్నది ఆ కాస్త దూరంలోనే తేలుతుంది.

మూడోది, వదులు పట్టీలు. ముందు తుంటి దగ్గర వదులును పైకి లాగి, ఆ తర్వాత ముందున్న పట్టీ కొస లాగాలి. భుజం ఎముక దగ్గర వేళ్లతో పట్టీని గిల్లితే మడత దొరక్కూడదు. ఛాతీ క్లిప్పు చంకల ఎత్తులో ఉండాలి. పట్టీలు వెనక్కి చూసే పిల్లకు భుజాల ఎత్తులో గానీ అంతకంటే కిందగానీ, ముందుకు చూసే పిల్లకు భుజాల ఎత్తులో గానీ అంతకంటే పైనగానీ రావాలి.

ఇక మన వేడుకల సంగతి. పుట్టినరోజుకో బారసాలకో బయల్దేరేటప్పుడు పట్టు పావడా కట్టి సీట్లో కూర్చోబెడతారు. జరీ గుడ్డ కాళ్ల మధ్య కుప్పగా ఉండి మధ్య బకిల్ కిందికి దిగదు, పట్టీలు బిగిసినట్టే కనిపిస్తాయి. శీతాకాలంలో దళసరి కోటు చేసేదీ ఇదే. పావడా హాల్లో కట్టండి. కోటు తీసి, పట్టీలు బిగించాక పైన కప్పండి. నిద్రపోయిన బిడ్డను సీటుతో సహా ఇంట్లోకి తెచ్చి నేల మీద గంటలు వదిలేయడం కూడా ప్రమాదమే. కారులో బిగించి ఉండే బేస్ మీద లేని సీటు వాలు మారిపోతుంది, మెడ ముందుకు వంగుతుంది.

న్యూజెర్సీ చట్టం ప్రకారం రెండేళ్లలోపు, చట్టం చెప్పిన బరువులోపు ఉన్న పిల్లలు వెనక్కి చూసే సీట్లోనే ఉండాలి. ఎనిమిదేళ్లలోపు, 57 అంగుళాల లోపు ఉన్నవాళ్లకు సీటో, బెల్టు సరిగ్గా పడేలా ఎత్తులో కూర్చోబెట్టే బూస్టరో తప్పనిసరి. చట్టం చెప్పేది కనీసం మాత్రమే. అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ 2018 నుంచి, సీటు పరిమితి ఉన్నంతకాలం వెనక్కే చూడనివ్వమంటోంది. రెండో పుట్టినరోజుకే సీటు తిప్పేయాలన్న తొందర మానాలి, ఇది మా గట్టి అభిప్రాయం.

సీటు పట్టుకుని ఇండియా వెళ్లేవాళ్లు ఈ ఏడాది బాగా అడిగారు. విమానంలో వాడవచ్చా లేదా అన్నది లేబుల్ మీద ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. అక్కడి కార్ల బెల్టులు చాలామటుకు కుదుపు వచ్చినప్పుడే లాక్ అవుతాయి, పూర్తిగా లాగినా లాక్ కావు. కాబట్టి సీటులోనే లాక్ ఉన్న మోడల్ తీసుకెళ్లండి. లేకపోతే హెచ్ ఆకారపు లోహపు క్లిప్పు వాడడం మా దగ్గర నేర్చుకుని వెళ్లండి. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో వచ్చిన 194బీ సెక్షన్ ప్రకారం అక్కడ కూడా పద్నాలుగేళ్లలోపు పిల్లలకు బెల్టో సీటో లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా.

విరాళాల విషయంలో వాడిన సీట్లు తీసుకోవడం మానేశాం. గతంలో ప్రమాదానికి గురైందో లేదో చెప్పలేని సీటును ఇంకో బిడ్డకు ఇవ్వలేం. గడువు తీరిన సీటుంటే పట్టీలు కత్తిరించి, మీద ‘వాడవద్దు’ అని పెద్దగా రాసి పారేయండి. లేకపోతే రోడ్డు పక్క నుంచి ఎవరో తీసుకెళ్లి వాడేస్తారు.

సర్టిఫికెట్ గడువు రెండేళ్లు. ఆలోపు ఐదు సీట్ల తనిఖీకి ఇన్‌స్ట్రక్టర్ లేదా ప్రాక్సీ (ఇన్‌స్ట్రక్టర్ బదులు ఆమోదించగల టెక్నీషియన్) ఆమోదం పొందాలి, ఆరు గంటల నిరంతర విద్య పూర్తిచేయాలి, ఒక సామూహిక కార్యక్రమంలో పాల్గొనాలి. తేదీ దాటితే మామూలు పద్ధతిలో పునరుద్ధరణ కుదరదు, అందుకని అందరి గడువు తేదీలూ కార్యదర్శి దగ్గర ఒకేచోట రాసి ఉంచాం. కొత్తగా చేరేవాళ్ల కోర్సు రుసుము సంఘమే భరిస్తుంది. ఆ రెండేళ్లూ మన శిబిరాలకు వస్తామన్న మాట మాత్రం ముందే తీసుకుంటాం. మిడిల్‌సెక్స్ కౌంటీ దక్షిణ భాగంలో మనకు ఇంకా టెక్నీషియన్లు ఎవరూ లేరు, అక్కడి సభ్యులు ముందుగా పేర్లివ్వండి.