ఆ బాకాల శృతి సరిచేయకండి

సంపాదకులకు,

అయ్యా,

మొన్న ఆదివారం మీ అనుబంధంలో ప్రేమపాటల మీద వేసిన వ్యాసాన్ని ఇక్కడ పర్లాకిమిడి బస్టాండు పక్క టీ కొట్లో చదివాను. 'వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ ఉమన్' అనే ఇంగ్లీషు పాట 1991లో అమెరికా గాయకుడు మైకేల్ బోల్టన్‌తోనే పుట్టినట్టు రాశారు. కాదండీ. అప్పటికే దానికి పాతికేళ్ళు. 1966లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, షెఫీల్డ్ అనే ఊళ్ళో పర్సీ స్లెడ్జ్ పాడిన పాట అది. ఆయనకు ఆసుపత్రిలో ఆర్డర్లీ పని, రాత్రిపూట పాట. ఆ మే నెలాఖరుకే అక్కడి పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది.

నేను ముప్ఫయ్యేళ్ళు బ్యాండు మేళంలో ట్రంపెట్ ఊదినవాణ్ణి. ఇటు ఒడియా పెళ్ళిళ్ళు, అటు పాతపట్నం వేపు తెలుగు పెళ్ళిళ్ళు. 1992లో గుణుపురంలో ఒక పెళ్ళికొడుకు బోల్టన్ క్యాసెట్ చేతిలో పెట్టి, ఊరేగింపులో ఇదే వాయించాలని పట్టుబట్టాడు. పాటేమో మూడేసి దెబ్బల తిస్ర నడక. మా సైడ్ డ్రమ్ కుర్రాడు రెండు వీధులు దాటకుండానే దాన్ని మామూలు దరువులోకి లాగేశాడు. ఎవరూ కనిపెట్టలేదు, బక్షీసు కూడా బాగానే ముట్టింది.

అసలు పాట విన్నది ఇంకో ఆరేళ్ళకి. మా మేనల్లుడు బరంపురం నుంచి క్యాసెట్ తెచ్చాడు. ముందు ఆర్గన్, కింద ఒక్కో మెట్టూ దిగే బేసు, పర్సీ మొదటి మాటకే గొంతు పైకెత్తేశాడు. చివరికొచ్చేసరికి బాకాలు అందుకున్నాయి. అరుగు మీద కూర్చున్న మా బ్యాండు మాస్టారు బీడీ తీసి, "ఎవర్రా ఈళ్ళు, మాఘమాసం రాత్రి ఊరేగింపులో ఊదినట్టున్నారు?" అన్నారు.

ఆయన చెవి అలాంటిది. చలికి ఇత్తడి వాయిద్యం శృతి దిగుతుంది, ఊదగా ఊదగా వేడెక్కి పైకి పోతుంది. అందరూ ఒకేసారి వేడెక్కరు గదా, ఒకడు కింద, ఒకడు పైన. మేం శృతి సర్దే గొట్టం, అదే స్లైడు, జరుపుకుంటూ సర్దుకునేవాళ్ళం. షెఫీల్డ్ స్టూడియోలో ఏం జరిగిందో నాకెలా తెలుస్తుంది గానీ, ఆ బాకాలు శృతి తప్పాయని ఆ రికార్డు విడుదల చేసిన అట్లాంటిక్ కంపెనీ పెద్ద జెర్రీ వెక్స్‌లరే పట్టుకున్నాడట. మళ్ళీ రికార్డు చేయించాడు కూడా. తీరా టేపులు తారుమారై, తప్పున్న మొదటిదే రికార్డుగా బయటికొచ్చిందని చెబుతారు. లక్షలమంది కొన్నది దాన్నే.

తర్వాత చాలామంది పాడారు. 1979లో బెట్ మిడ్లర్ సినిమా కోసం పాడింది. బోల్టన్ పాటకూ మొదటి స్థానం దక్కింది, గ్రామీ అవార్డు కూడా వచ్చింది. ఆయన గొంతుకేం, గట్టి గొంతే. కానీ ఆ పాటలో ప్రతి వాయిద్యమూ ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. ప్రేమలో మతిపోయినవాడి గోడు అంత నీటుగా ఉంటే నాకు నమ్మబుద్ధి కాదు. పర్సీ వెనక ఆ బాకాలు కాస్త ఏడుస్తాయి. 1987లో జీన్స్ ప్రకటనలో వినిపించాక బ్రిటన్ పట్టికలో రెండో స్థానానికి వచ్చింది కూడా ఆ పాత రికార్డే.

ఇంకో మాట. బాణీ తనదేనని పర్సీ తర్వాత చెప్పుకున్నాడు. రచయితలుగా మాత్రం తనతో వాయించిన కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్‌ల పేర్లు పెట్టించాడు. కాబట్టి బోల్టన్ రికార్డు ఎంత అమ్ముడైనా రచయితల వాటా వాళ్ళదే. మా మేళంలో ఎవడూ అంత పని చేయలేదు, బక్షీసు పంపకాల దగ్గరే కొట్టుకునేవాళ్ళం.

వచ్చే ఆదివారం సవరణ వేయండి. వేసేటప్పుడు ఫొటో కూడా మార్చాలి. మీరు వేసింది బోల్టన్‌ది.

ఇట్లు,
ఒక పాత ట్రంపెట్ మనిషి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా