పండుగ తీపి వంటల కొలతలు అచ్చులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

తొలి ఏకాదశి సందర్భంగా మీ పత్రికలో ఆలయాల అలంకరణ గురించి, ఉపవాస నియమాల గురించి వివరంగా రాశారు. కానీ ఆ రోజున మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో ఇంటింటా చేసుకునే పేలపిండి గురించి ఒక్క వాక్యమైనా కనిపించకపోవడం నాకు బాధ కలిగించింది.

ఆషాఢ శుద్ధ ఏకాదశి నాడు జొన్నపేలాలను పిండిగా విసిరి, బెల్లం, యాలకుల పొడి కలిపి, దేవుడికి నైవేద్యం పెట్టి ఇంటిల్లిపాదీ తినడం జొన్న పండిన ఈ మెట్ట నేలల ఆచారం. చూడడానికి తేలికగా ఉన్నా అందులో ఎంతో నేర్పు ఉంది. జొన్నల మీద వేడినీళ్లు చిలకరించి, కాసేపు గుడ్డలో మూటకట్టి ఉంచి, నీడన ఆరబెట్టిన తరువాత బాగా కాగిన మంగలంలో (గింజలు వేయించే కుండలో) కొద్దికొద్దిగా వేస్తే, లోపలి తేమ ఆవిరై గింజను పగలగొట్టి తెల్లగా విప్పుతుంది. చిన్నగా, గట్టిగా ఉన్న గింజే బాగా పేలుతుంది కనుక మా నాయనమ్మ ఈ పండుగ కోసం ప్రత్యేకంగా జొన్నలు ఏరి చిన్న కుండలో దాచేది. ఆమె విసుర్రాయి తిప్పుతుంటే పిల్లలం చుట్టూ కూర్చుని పేలని గింజలు ఏరేవాళ్లం. తినేటప్పుడు మాట్లాడితే పొలమారుతుందని కసిరేది. అయినా మేము నవ్వేవాళ్లం, పిండి ఎగిరి ముఖాల నిండా పడేది. బెల్లం, యాలకుల వాసన కలిసి వస్తే చాలు, ముసురు పట్టిన ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కళ్లముందు నిలుస్తాయి.

మా పుట్టిల్లు కల్వకుర్తి వైపు, మెట్టినిల్లు దేవరకొండ వైపు. పుట్టింట్లో పేలపిండిలో బెల్లం, యాలకులే వేసేవారు. అత్తగారింట్లో వేయించిన నువ్వులు కూడా దంచి కలిపేవారు. కొన్ని కోసుల దూరానికే ఇంత తేడా ఉన్నప్పుడు ఒక్క ఊరి పద్ధతి రాసి ఊరుకుంటే సరిపోదు.

రొట్టెలను నలిపి బెల్లం, నెయ్యి కలిపి చేసే మలీద సంగతి మరింత గొప్పది. సద్దుల బతుకమ్మ నాడు చెరువు గట్టున పంచుకునే మలీదనే పీర్ల పండుగకు మా ఊళ్లో హిందువులూ ముస్లింలూ చేసి పీర్లకు సమర్పించేవారు. గౌరమ్మకూ పీర్లకూ ఒకే తీపి పెట్టిన ఊరి కథ పిల్లలకు చెప్పాలంటే, ముందుగా ఆ తీపి వాళ్ల నాలుకకు తెలియాలి.

ఈ వంటలు మరుగున పడడానికి తీరిక లేకపోవడం ఒక కారణమైతే, కొలతలు ఎక్కడా రాసి లేకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం. తూనికలు, కొలతల చట్టం 1956లోనే వచ్చినా మన వంటిళ్లలో ఎంతోకాలం సోల, గిద్దె, చారెడు, పిడికెడు అనే లెక్కలే నడిచాయి. నాలుగు గిద్దెలు ఒక సోల అని నేటి పిల్లల్లో ఎందరికి తెలుసు? మా మేనత్త చేసే కొర్రల పాయసం రుచి మా అందరికీ గుర్తుంది, కానీ పాలు ఎన్ని, బెల్లం ఎప్పుడు వేయాలి అన్నది ఆమెతోనే పోయింది. పాలు విరగకుండా ఆమె ఏం చేసేదో అడగాలని మాలో ఎవరికీ తోచలేదు.

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినప్పుడు జొన్న, కొర్ర, రాగుల గురించి ఎన్నో సభలు జరిగాయి. ఆ ధాన్యాలను తరతరాలుగా తీపిగా మార్చి పిల్లలకు పెట్టిన ఆడవాళ్ల పద్ధతులకు కూడా ఆ గౌరవం దక్కాలి. అందుకే మీ జిల్లా పేజీల్లో ప్రతి పండుగకు ముందు ఒక ఊరి పెద్దావిడ చెప్పిన వంటను, ఊరి పేరుతో, పాత కొలతతో పాటు గ్రాముల లెక్కతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. రాజేంద్రనగర్‌లో ఉన్న భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ వారిని పేలాలకు ఏ జొన్న మేలో అడిగి రాస్తే రైతులకూ ఉపయోగం.

మా అత్తగారి మలీద కొలతను ముందుగా నేనే పంపుతున్నాను: సోలెడు గోధుమపిండితో చేసిన రొట్టెలకు అరసోల బెల్లం తురుము, గిద్దెడు నెయ్యి, నాలుగు యాలకులు. రొట్టెలను వేడి ఆరకముందే చేత్తో నలిపి, బెల్లం కలిపి, నెయ్యి చివరగా పోసి ముద్దలు కట్టాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా