హెలికేజ్ జిప్ కాదు, పట్టకారు

సంపాదకులకు,

క్యాన్సర్ పరిశోధనల వార్తల్లో ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్ పేరు వచ్చినప్పుడల్లా 'జిప్ లాగినట్టు పోగులు విప్పే ఎంజైమ్' అన్న వివరణ వెంట వస్తోంది. డీఎన్‌ఏను విప్పే హెలికేజ్‌లకు ఆ పోలిక సరే. ప్రొటీన్ తయారీ మొదట్లో పనిచేసే ఈఐఎఫ్‌-4ఏ (ఇకపై 4ఏ) అనే ఆర్‌ఎన్‌ఏ హెలికేజ్‌కు మాత్రం సరిపోదు. పోలికదేముంది అనుకోవచ్చు గానీ, పోలిక తప్పైతే 4ఏ మీద పనిచేసే మందుల సంగతీ తప్పుగానే అర్థమవుతుంది.

జన్యువులోని సమాచారాన్ని మోసుకొచ్చే ఎంఆర్‌ఎన్‌ఏ మొదటి కొసన క్యాప్ అనే తొడుగు ఉంటుంది. దాన్ని 4ఈ అనే ప్రొటీన్ పట్టుకుంటుంది, 4జీ అనే ఇంకో ప్రొటీన్ అందర్నీ ఒకచోట కూర్చుతుంది, 4ఏ అక్కడి మడతలు విప్పుతుంది. అప్పుడు ప్రొటీన్‌ను అల్లే యంత్రమైన రైబోసోమ్ చిన్న భాగం ఎక్కి, ప్రొటీన్ మొదలెట్టమనే గుర్తైన ఏయూజీ అనే మూడక్షరాలు తగిలేదాకా వెతుక్కుంటూ పోతుంది. మనుషుల్లో ఈ దారి సగటున సుమారు 200 అక్షరాలు. ఆర్‌ఎన్‌ఏ ఒంటిపోగు కాబట్టి తనమీద తనే ముడిపడుతుంది. జీ-సీ జంటకు మూడు హైడ్రోజన్ బంధాలు, ఏ-యూకు రెండే. జీ, సీలు ఎక్కువైన దారిలో ముడి అంత గట్టిది. అది ఎక్కడ పడిందన్నదీ ముఖ్యమే. శాస్త్రవేత్త మారిలిన్ కోజాక్ 1989లో చూపించిన లెక్క ఇది: మోల్‌కు 30 కిలోకేలరీల బలమున్న ముడి క్యాప్‌కు 12 అక్షరాల దూరంలో ఉంటే రైబోసోమ్ ఎక్కనే ఎక్కదు. అదే ముడిని 52 అక్షరాల అవతలికి జరిపితే దాటేస్తుంది. 61 కిలోకేలరీల ముడైతే లోపల ఎక్కడో ఉన్నా ఆగాల్సిందే.

4ఏకు రెండు దవడలు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు, ఆర్‌ఎన్‌ఏ రెండూ వచ్చి చేరితేనే అవి మూసుకుంటాయి. మూసుకుంటూ ఒక పోగును వంచేస్తాయి. వంగిన పోగుకు ఎదుటి పోగుతో జత నిలవదు, ఊడిపోతుంది. ఏటీపీ విరగాల్సింది విప్పడానికి కాదు, పట్టు వదలడానికి. ఒక పట్టుకు విడేది కొద్ది జతలే. జిప్‌లా ముందుకు సాగిపోవడం దీనికి చేతకాదు. పట్టకారులా ముడి దగ్గర పట్టి, వంచి, వదిలి, మళ్లీ పట్టాలి. ఒంటరిగా ఆ పనీ నెమ్మదే, 4జీ, 4బీ అనే సాయపు ప్రొటీన్లు తోడుంటేనే చురుకు.

గ్లోబిన్ వంటి ఎంఆర్‌ఎన్‌ఏల దారి పొట్టిది, నున్ననిది. కణ విభజనను తరిమే మిక్, సైక్లిన్ డీ1 దారులు పొడుగు, నిండా ముడులు. పట్టకార్లు, అంటే 4ఏలు, తక్కువగా ఉంటే మొదటివి సాగిపోతాయి, రెండోవి వరుసలో నిలబడతాయి. కణం పెరుగుదలను నడిపే ఎంటార్ సంకేతం హద్దు మీరితే 4ఈని కట్టేసి ఉంచిన ప్రొటీన్ పట్టు సడలిస్తుంది, 4ఏని అణచి ఉంచే పీడీసీడీ4 అనే ప్రొటీన్ నాశనమవుతుంది. వరుసలో నిలిచినవి కదులుతాయి. పెరిగిన మిక్ తిరిగి 4ఈ, 4ఏ జన్యువులనే ఇంకా పనిచేయిస్తుంది. అంటే మిక్ జన్యువులో ఒక్క అక్షరం మారకపోయినా మిక్ ప్రొటీన్ పెరగొచ్చు. మ్యుటేషన్ల జాబితాతోనే ముగిసే కథనాల్లో ఈ ముక్క రాదు. అలాగని హెలికేజ్‌లన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. డీడీఎక్స్3ఎక్స్ అనే మరో హెలికేజ్ మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణుతుల్లో 4ఏలా జోరు పెరిగి కాదు, మ్యుటేషన్లతో దెబ్బతిని కనిపిస్తుంది.

ఇక మందులు. వేప కుటుంబానికే చెందిన అగ్లైయా మొక్క నుంచి 1982లో వేరుచేసిన రోకాగ్లమైడ్ 4ఏ పనిని ఆపేస్తుందని రాస్తే సగం తప్పు. ఏ, జీ అక్షరాలు వరుసగా ఉన్నచోట అది దవడలను బిగించేస్తుంది. ఏటీపీ విరిగినా పట్టు వదలదు. రైబోసోమ్‌కు అది దారికి అడ్డంగా బండరాయి, మిగతా చోట్లకు పట్టకార్ల కరువు. పగడపు జీవి నుంచి దొరికిన హిప్యురిస్టనాల్ దీనికి పూర్తి విరుద్ధంగా, 4ఏని ఆర్‌ఎన్‌ఏ పట్టుకోకుండానే చేస్తుంది. మొక్క తెలివి చూడండి: తన విషం తనకే తగలకుండా 4ఏలో 163వ స్థానంలోని ఫినైల్‌అలనీన్‌ అనే అమైనో ఆమ్లాన్ని ల్యూసీన్‌ అనే మరో అమైనో ఆమ్లంగా మార్చుకుంది. అదే మార్పు క్యాన్సర్ కణంలో వస్తే మందు పారదు. ఈ కోవకు చెందిన జొటాటిఫిన్‌ను మనుషుల మీద పరీక్షిస్తున్నారు. 4ఏ ప్రతి కణానికీ కావాలి కాబట్టి మోతాదే అసలు చిక్కు. అరగంటలోపే సగం కరిగిపోయే మిక్ లాంటి ప్రొటీన్లు ముందు తగ్గుతాయన్నదే వైద్యులకు దొరికే సందు.

కాబట్టి కొత్త మందు గురించి రాసే విలేకరులు కొన్ని ప్రశ్నలు అడగాలి. 'మిక్ తగ్గింది' అని చూపే ఒక్క వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ ఎంతుందో చూసే పరీక్ష) చాలదు, జన్యువు మూగబోయినా అది తగ్గుతుంది. ఎంఆర్‌ఎన్‌ఏ అంతే ఉండి ప్రొటీన్ తగ్గిందా? పాలీసోమ్ (ఒకే ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఎక్కిన రైబోసోమ్‌ల గుంపు) పరీక్ష చేశారా? కణాలకు మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాముల సైక్లోహెక్సిమైడ్ ఇచ్చి రైబోసోమ్‌లను ఉన్నచోటే ఆపి, 10 నుంచి 50 శాతం చక్కెర ద్రావణంలో అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, మిక్ ఎంఆర్‌ఎన్‌ఏ అడుగు బరువు భాగాల నుంచి పై తేలిక భాగాలకు జరగాలి. ఇక్కడో మోసముంది. నమూనాలో ఆర్‌ఎన్‌ఏను కొరికే ఎంజైమ్ కొంచెం చేరినా పాలీసోమ్‌లు ముక్కలై, అచ్చం మందు పనిచేసినట్టే కనిపిస్తుంది. మందు ఇవ్వని గొట్టాన్నీ పక్కనే తిప్పారా అని అడగాలి. రోకాగ్లమైడ్ జాతి మందైతే ఇంకొకటి: 4ఏ 163వ స్థానంలో ల్యూసీన్ పెట్టిన కణాలను కూడా అది అంతే జోరుగా చంపుతుంటే, దాని గురి 4ఏ కాదు.

ఇట్లు,
అణుజీవశాస్త్ర అధ్యాపకులు కొందరు